చెంబెడు నీళ్ళు – నాలుగు నదులు

పిల్లలూ, ఈ నెల మీకు ఒక ప్రయాణం సంగతి చెబుతాను. ఇది కాశ్మీరానికో కన్యాకుమారికో చేసిన ప్రయాణం కాదు. పొద్దున ఆరు గంటలకు స్నానాలు ముగించి బయలుదేరాం. సాయంకాలానికల్లా చేరవలసిన చోటు చేరుకున్నాం. అయితే ఆ ఒక్క రోజున చూసినదాన్ని అర్థం చేసుకోవటానికి మాకు నాలుగువందల ఏళ్ళ వెనక్కు పోవలసి వచ్చింది.

ముందు నా సంగతి. నేను చాలా ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి, ప్రధానోపాధ్యాయుడుగా ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. మా సొంత ఊరు మూసీనది ఒడ్డున, వలిగొండకు దగ్గరలో ఉన్నది. అక్కడ మా తమ్ముడు సేద్యం చేస్తున్నాడు. నేను మాత్రం మా అబ్బాయి దగ్గర హైదరాబాదులో, నాగోలులో ఉంటున్నాను. ఆ ఇంటికి కూతవేటు దూరంలోనే మళ్ళీ మూసీనది. అంటే నేను ఊరు మారానే గాని నది మారలేదన్నమాట.

ఒక వేసవిలో మా వీధికి రెండు రోజులు కుళాయి రాలేదు. మూడోనాడు నీళ్ళు రాగానే ఇంట్లో ఉన్న బిందెలూ బకెట్లూ అన్నీ నింపటం మొదలుపెట్టాం. ఆరో తరగతి చదివే మా మనుమరాలు చెంబు చేత్తో పట్టుకుని, "తాతా, ఈ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?" అని అడిగింది.

"కృష్ణానది నుంచి" అన్నాను.

"కృష్ణానది మన ఊళ్ళో లేదుగా! మన ఊళ్ళో ఉన్నది మూసీ. పక్కనే నది ఉంటే, ఎక్కడో ఉన్న నది నీళ్ళు ఎందుకు తాగుతున్నాం?"

"మూసీ మురికిగా ఉన్నది గనక" అని చెప్పి ఊరుకోవచ్చు. కాని నేను పాఠం చెప్పినవాణ్ణి. ఒక ప్రశ్నకు జవాబు చెప్పితే దాని వెనక ఇంకొకటి వస్తుందని తెలుసు. మూసీ ఎందుకు మురికి అయింది? ఎప్పుడు అయింది? ఎవరు చేశారు? ఇవన్నీ ఇంట్లో కూర్చుని చెప్పేకంటే చూపించటమే మంచిదనిపించింది. మా అబ్బాయి ఒక ఆదివారం మమ్మల్ని కారులో తిప్పటానికి ఒప్పుకున్నాడు. మనుమరాలు ఒక నోటుపుస్తకం, పెన్సిలు వెంట పెట్టుకున్నది.

మొదట గండిపేట వెళ్ళాం. అది నగరానికి పడమట ఉన్నది. దారిలో మా మనుమరాలికి హైదరాబాదు పుట్టుక గురించి చెప్పాను. మీలో కొందరికి తెలిసే ఉంటుంది: 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఈ నగరానికి పునాది వేశాడు. అంతకు ముందు రాజూ, కొలువూ, సైన్యమూ, వర్తకులూ అందరూ గోలకొండలోనే ఉండేవారు. అక్కడ జనం కిక్కిరిసి, నీళ్ళకు ఇబ్బంది వచ్చినందువల్లనే మూసీ ఒడ్డున కొత్త నగరం కట్టవలసి వచ్చిందని చరిత్రకారులు చెప్పే కారణాలలో ఒకటి. చూశారా, ఈ నగరం పుట్టటమే జనం ఎక్కువై, నీళ్ళు చాలక పుట్టింది!

నగరానికి పునాది పడక ముందే, 1562 ప్రాంతంలో, హుస్సేన్‌సాగరం తవ్వారు. తరవాత మీర్ ఆలం చెరువు వచ్చింది. దాని కట్టను చూడని పిల్లలు తప్పకుండా చూడాలి. ఇరవయ్యొక్క రాతి కమానులు పక్కపక్కనే నిలబడి, వీపుతో నీళ్ళను ఆపుతూ ఉంటాయి. కట్టి రెండువందల ఏళ్ళు దాటినా చెక్కుచెదరలేదు. ఇవి గాక వందల కుంటలూ, చెరువులూ, దిగుడుబావులూ ఉండేవి. ఉన్న జనానికి ఊళ్ళో నీళ్ళు ఊళ్ళోనే దొరికేవి.

1901 జనగణన నాటికి హైదరాబాదులో నాలుగున్నర లక్షల మంది ఉన్నారు. 1908 సెప్టెంబరు 28న మూసీకి పెద్ద వరద వచ్చి నగరాన్ని ముంచేసింది. దాని సంగతి మళ్ళీ చెబుతాను. ఆ వరద తరవాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా అడిగింది. నగరానికి ఎగువన నదికి అడ్డంగా జలాశయాలు కడితే, వరదా ఆగుతుంది, తాగటానికి నీళ్ళూ దొరుకుతాయని ఆయన చెప్పారు. ఆ సలహా మీదనే మూసీకి అడ్డంగా గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగరం 1920లోనూ, మూసీలో కలిసే ఈసీనదికి అడ్డంగా హిమాయత్‌సాగరం 1927లోనూ పూర్తి అయ్యాయి.

మేము గండిపేట కట్ట మీదికి చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. గాలి చల్లగా ఉన్నది. మా మనుమరాలు, "ఇది మూసీయేనా? మన మూసీయేనా?" అని రెండుసార్లు అడిగింది. అవును, అదే మూసీ. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి అక్కడికి వస్తుంది. ఆ నీళ్ళకు వాసన లేదు. ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉన్నది.

ఇక్కడ మీరు గమనించవలసిన సంగతి ఒకటున్నది. గండిపేట ఎత్తున ఉన్నది, నగరం పల్లాన ఉన్నది. అందుచేత గండిపేట నీరు కట్టుడు కాలువలో తనంతట తానే ఆసిఫ్‌నగర్ దాకా నడిచిపోయేది. అక్కడ ఇసుక, గులకరాళ్ళ మీద వడగట్టి ఊరికి పంపేవారు. ఆ నీటిని ఊరికి తేవటానికి కరెంటు అక్కర్లేదు. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు విడిచి పోడని ఒక నానుడి కూడా ఉన్నది. పోకపోవటమే గాదు, పైనుంచి కొత్తవాళ్ళు వచ్చారు. 1951లో జనం సుమారు పదకొండు లక్షలు. 1961లో పన్నెండున్నర లక్షలు. గండిపేటా, హిమాయత్‌సాగరమూ చాలవని తేలిపోయింది.

అప్పుడు నగరం తన నదిని దాటి పక్క నదికి చెయ్యి చాచింది. సంగారెడ్డి దగ్గర, సుమారు 60 కిలోమీటర్ల దూరాన ఉన్న మంజీరా నుంచి 1965లో నీళ్ళు తెచ్చారు. అవీ చాలలేదు. ఇంకా పైకి పోయి సింగూరు నుంచి తెచ్చారు. అప్పుడు ఒక చిక్కు వచ్చింది. మంజీరా కింద మెదక్ వైపు ఘనపురం ఆనకట్ట మీద ఆధారపడిన రైతులున్నారు. వానలు లేని ఏడు, ఉన్న కాసిని నీళ్ళు నగరంలో గొంతులకా, మెదక్‌లో వరిమళ్ళకా అనే తగాదా బయలుదేరింది. ఇద్దరిదీ న్యాయమే. అటువంటి తగాదా తీర్చటం ఎంత కష్టమో ఒక తరగతిలో రెండే బంతులిచ్చి నలభై మందిని ఆడుకోమన్న ఉపాధ్యాయుడికి తెలుసు.

2004లో కృష్ణ నీళ్ళు వచ్చాయి. అవి నాగార్జునసాగరం నుంచి, 110 కిలోమీటర్లకు పైగా గొట్టాలలో వస్తాయి. 2015 చివరకు గోదావరి నీళ్ళు వచ్చాయి. అవి ఎల్లంపల్లి నుంచి, 180 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వస్తాయి. ఆ సమయానికి అవి రాకపోతే ఏమయ్యేదో చెప్పలేం. ఎందుచేతనంటే, ఆ 2015–16 కరువులో గండిపేట, హిమాయత్‌సాగరం, మంజీరా, సింగూరు నాలుగూ ఎండిపోయాయి. గండిపేట అడుగున మట్టి నెర్రెలు విచ్చింది.

మా మనుమరాలు కట్టమీద కూర్చుని నోటుపుస్తకంలో నదుల పేర్లు వరసగా రాసుకున్నది: మూసీ, మంజీరా, కృష్ణ, గోదావరి. ఎదురుగా దూరాలు వేసింది. అప్పుడు నేను ఇంకొక నిలువు గీత గీసి, "ఎత్తు" అని రాయమన్నాను.

నాగార్జునసాగరం నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగుల ఎత్తు. గండిపేట నిండితే 1790 అడుగులు. హైదరాబాదు పీఠభూమి మీద ఉన్న ఊరు. కృష్ణ దానికి ఎంతో దిగువన పోతున్నది. నగరంలో కొన్ని వీధులు ఎత్తు, కొన్ని పల్లం గనక సుమారుగా 1100 అడుగులు ఎక్కించాలి అనుకుందాం. నీళ్ళు తమంతట పైకి రావు గదా? మోటార్లు తొయ్యాలి. పై తరగతి పిల్లలు ఈ లెక్క చెయ్యగలరు: వెయ్యి లీటర్ల నీటిని అంత ఎత్తుకు చేర్చటానికి దాదాపు ఒక యూనిట్ కరెంటు కావాలి. ఇది మోటార్లలోనూ, గొట్టాల రాపిడిలోనూ పోయేది లెక్కవెయ్యకుండానే. అవి కూడా కలిపితే ఇంకా ఎక్కువ.

నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని మన దేశంలో ఒక ప్రమాణం ఉన్నది. మా ఇంట్లో అయిదుగురం. నెలకు ఇరవైవేల లీటర్లు. అంటే మా ఇంటి నీళ్ళు గుట్ట ఎక్కటానికే నెలకు సుమారు ఇరవై యూనిట్లు! ఒక పంకా రెండువందల అరవై గంటలు తిరగటానికి సరిపోయే కరెంటు. మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు కాల్చి చేసేదే. గండిపేట నాడు నీళ్ళకు బొగ్గు అక్కర్లేదు, ఇప్పుడు నీళ్ళు బొగ్గును కూడా తాగుతున్నాయన్నమాట.

గండిపేట కట్ట మీద నుంచి చూస్తే కోకాపేట వైపు ఆకాశాన్నంటే మేడలు కనిపిస్తాయి. ఈ రెండు జలాశయాలలోకి వాననీరు శుభ్రంగా చేరాలని 1996లో చుట్టూ ఉన్న 84 గ్రామాలలో పెద్ద కట్టడాలు రాకుండా ప్రభుత్వం ఒక ఉత్తర్వు చేసింది. దాన్నే అందరూ 111వ నంబరు జీవో అంటారు. నగరానికి ఇప్పుడు కృష్ణా గోదావరులు ఉన్నాయి గనక ఆ ఆంక్షలు అక్కర్లేదని 2022లో వాటిని ఎత్తివేస్తూ మరో ఉత్తర్వు ఇచ్చారు. నా మటుకు నాకు ఆ వాదం నచ్చలేదు. ఇంటికి కిరాణాకొట్టు దగ్గరలో ఉన్నదని పెరట్లో పాదును పీకేస్తామా?

గండిపేట నుంచి మళ్ళీ నగరం నడుమకు వచ్చాం. అఫ్జల్‌గంజ్ వద్ద ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉన్నది. 1908 వరదనాడు నూటయాభై మంది దాకా ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ వరదలో సుమారు పదిహేనువేల మంది పోయారు. మా మనుమరాలు చెట్టు చుట్టూ తిరిగి, మొదలు మీద చెయ్యి వేసి, మూసీ వైపు చూసి, "నీళ్ళు ఇంత దూరం వచ్చాయా!" అన్నది.

ఆనాడు వరద అంతగా రావటానికి కుండపోత వాన ఒక కారణం. ఎగువన రెండువందలకు పైగా చెరువులు ఒకదాని తరవాత ఒకటి తెగటం రెండో కారణం. మన పూర్వులు చెరువులను గొలుసుకట్టుగా కట్టారు. పై చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువులోకి, అది నిండితే దాని కిందిదానిలోకి. తూము తీస్తే పొలానికి. చెరువులో నీళ్ళు నిలిచే నేలను మా వైపు శిఖం అంటారు. ఎండాకాలం శిఖం బయటపడితే దానిలో దోసకాయలు పెట్టేవారు, పశువులను మేపేవారు. ఇల్లు మాత్రం కట్టేవారు కారు. ఎందుకంటే అది నీళ్ళ స్థలం. యజమాని ఏడాదిలో కొన్ని నెలలు లేనంత మాత్రాన ఇల్లు మనది అయిపోదు.

జనం పెరిగి, నేల ధర పెరిగిన కొద్దీ ఈ మాట మరిచారు. మాసాబ్‌ట్యాంక్ అనే చోటు మీకు తెలుసుగా? మాసాహెబా తలాబ్ అనే చెరువు పేరది. చెరువు పోయి పార్కు వచ్చింది, పేరు మిగిలింది. పాతబస్తీలో తలాబ్‌కట్ట ఉన్నది. కట్ట అనే మాట ఉన్నది గాని, అది ఆపే నీళ్ళేవీ? మీ ఊళ్ళో కూడా కుంట, చెరువు, కట్ట, అలుగు అని పేర్లున్న వీధులను వెతికి చూడండి.

నీళ్ళకు పాత దారులు గుర్తుంటాయి. 2000వ సంవత్సరం ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబరు 13న మళ్ళీ అటువంటి వాన. రెండుసార్లూ పాత చెరువుల శిఖాలలోనూ, వాగుల దారులలోనూ కట్టిన కాలనీలే నిండా మునిగాయి. ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయని అక్కడివారు అన్నారు. నీళ్ళను అడిగితే, మా ఇంట్లోకి వీళ్ళు వచ్చారని చెప్పేవేమో!

ఒక మంచి మాట కూడా చెప్పాలి. అంబర్‌పేటలో బతుకమ్మకుంట అని ఒక కుంట పూడిపోయి ఉండేది. 2025లో అక్కడ తవ్వి, దాన్ని మళ్ళీ కుంటగా చేశారు. ఈ మధ్య మేము పోయి చూసి వచ్చాం.

కారులో కూర్చున్నాక మా అబ్బాయి, "వానలు మాత్రం తక్కువ పడుతున్నాయా ఏం? ఎవరి ఇంటి మీద పడిన వాన వారు పట్టుకుంటే సరిపోదా నాన్నా?" అన్నాడు. మంచి ప్రశ్నే. మేము ముగ్గురం నోటుపుస్తకంలో లెక్క వేశాం. మీరూ వెయ్యండి.

రెండువందల గజాల స్థలం తీసుకోండి. అంటే 167 చదరపు మీటర్లు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన. అంటే ఆ స్థలం మీద ఏడాదికి ఒక లక్షా ముప్ఫైమూడువేల లీటర్లు పడుతుంది. ఒక్క ఇల్లు, ఇంట్లో అయిదుగురు ఉంటే, మనిషికి 135 లీటర్ల చొప్పున ఏడాదికి రెండు లక్షల నలభైఆరువేల లీటర్లు కావాలి. అంటే కావలసిన నీళ్ళలో సగానికి పైగా ఆకాశమే మన స్థలంలో పోసిపోతున్నది!

మా అబ్బాయి "చూశారా" అన్నాడు. కాని మా మనుమరాలు ఊరుకోలేదు. "మన పక్కింటి స్థలం కూడా రెండువందల గజాలే కదా. అక్కడ అయిదంతస్తులు, పది కాపురాలు ఉన్నాయి" అన్నది. కాపురానికి నలుగురేసి, నలభై మంది. వాళ్ళకు ఏడాదికి పందొమ్మిది లక్షల డెబ్భైవేల లీటర్లు కావాలి. వాన అంతే, ఒక లక్షా ముప్ఫైమూడువేలు. పదిహేనో వంతు. నేల మీద అంతస్తు మీద అంతస్తు వెయ్యవచ్చు. పైన ఆకాశం మాత్రం అదే రెండువందల గజాలు. దాన్ని అంతస్తులుగా కట్టలేం. ఆ పద్నాలుగు వంతులూ ఇంకెవరి ఆకాశం నుంచో, ఇంకెవరి నది నుంచో రావాలి.

పదిహేనో వంతే గదా అని ఆ వానను వదిలెయ్యమని నేను అనటం లేదు. ఇంకుడుగుంట తియ్యటానికి ఒక్క రోజు పని. మాకు మొన్నటి దాకా బోరులో నీళ్ళుండేవి గాదు. గుంట తీసిన రెండో ఏడు మోటారు వేస్తే బకెట్టు నిండుతున్నది.

మరి ఇంతమంది జనం ఎక్కడి నుంచి వచ్చారు? ఇక్కడ పెద్దవాళ్ళు కూడా పొరపాటు పడుతూంటారు గనక, ఈ పేజీ చదివే తల్లిదండ్రులను కూడా కాస్త ఆగమంటున్నాను.

1951లో మన దేశ జనాభా 36 కోట్లు. 2011లో 121 కోట్లు. 2021లో జరగవలసిన జనగణన కరోనా వల్ల వాయిదా పడింది. ప్రపంచంలో మనుషుల సంఖ్య 2022 నవంబరులో 800 కోట్లకు చేరిందని ఐక్యరాజ్యసమితి అంచనా వేసింది. ఇది చూసి, జనం పిల్లలను ఎక్కువగా కంటున్నారని చాలామంది అనుకుంటారు. పూర్వం ఇంకా ఎక్కువగానే కనేవారు! మా నాయనమ్మకు తొమ్మండుగురు పుట్టి నలుగురు బతికారు. మశూచి, కలరా, మలేరియా, కాన్పులో జబ్బులు. దేశం స్వతంత్రమయ్యే నాటికి మనవాళ్ళ సగటు ఆయుర్దాయం ముప్ఫై రెండేళ్ళ చిల్లర. ఇవాళ డెబ్భై ప్రాంతం. టీకాలూ, మందులూ, తిండీ వచ్చి చావులు తగ్గాయి. పుట్టుకలు మాత్రం కొంతకాలం పాతలాగే సాగాయి. ఆ మధ్యకాలంలో జనం పెరిగారు. దానికి ఏడవవలసిన పని లేదు. ఆ పెరిగిన వారిలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు పుట్టుకలు కూడా తగ్గాయి. ఒక తల్లికి సగటున ఇద్దరు పిల్లలుంటే జనాభా క్రమంగా నిలకడ అవుతుంది. 2019–21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఆ సగటు రెండుకు లోపే ఉన్నది. ఐనా హైదరాబాదు నగర సముదాయం 2011కే 77 లక్షలు దాటింది, ఇంకా పెరుగుతూనే ఉన్నది. ఎందుచేత? పల్లెల నుంచి జనం వస్తున్నారు గనక. చదువుకు, పనికి, ఆసుపత్రికి వస్తున్నారు. మా అబ్బాయి అలాగే వచ్చాడు. వాడి వెనక నేను వచ్చాను.

దీనిలో ఒక చిత్రం చూడండి. పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలని ప్రమాణం. నగరంలో 135. నేను సంచీ పట్టుకుని బస్సెక్కి నగరానికి రాగానే, దేశంలో ఒక్క మనిషి కూడా పెరగకుండానే, నా వాటా నీళ్ళు రెండింతలకు మించి పెరిగాయి. నా దాహం పెరిగిందా? లేదు. కుళాయి తిప్పటం, మరుగుదొడ్డిలో నీళ్ళు వదలటం, బట్టల యంత్రం తిప్పటం పెరిగాయి. అందుచేత తలలు లెక్కపెట్టి ఊరుకుంటే చాలదు. ఒక్కొక్క తల వెనక ఎన్ని బకెట్లున్నాయో కూడా లెక్కపెట్టాలి. మన దేశంలో ఒక మనిషి కాల్చే బొగ్గూ చమురూ కన్న అమెరికాలో ఒక మనిషి ఎన్నో రెట్లు ఎక్కువ కాలుస్తాడు. ఎవరి ఇల్లు కిక్కిరిసిందనేది ఒక ప్రశ్న, ఎవరి పొయ్యి పెద్దదనేది ఇంకొక ప్రశ్న.

మనం వాడిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? అయిదింట నాలుగు వంతులు మురుగై బయటికి పోతాయి. డెబ్భైఏడు లక్షల మంది, మనిషికి 135 లీటర్లు అంటే రోజుకు నూటనాలుగు కోట్ల లీటర్లు. అందులో ఎనభై కోట్లకు పైగా మురుగు. దాన్ని శుభ్రం చెయ్యటానికి కేంద్రాలున్నాయి. అంబర్‌పేటలో ఉన్నది ఒక్కటే రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్లను శుభ్రం చెయ్యగలదు. ఈ మధ్య ఇంకా చాలా కట్టారు. ఐనా కాలువలలో నుంచి మురుగూ, కర్మాగారాల వ్యర్థాలూ నేరుగా నదిలో కలవటం పూర్తిగా ఆగలేదు. నగరం దాటగానే మూసీ రెండు ఒడ్డులా పచ్చటి గడ్డి ఏపుగా పెరిగి కనిపిస్తుంది. అది మురుగునీటి మీద పెంచే పశుగ్రాసం. నగరంలో పాడిపశువులకు దాన్ని కోసి తెస్తారు.

మేము మధ్యాహ్నానికి మా ఊరు చేరాం. భోజనాలయ్యాక మా తమ్ముడు మమ్మల్ని కత్వ దగ్గరికి తీసుకుపోయాడు. నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టను మా వైపు కత్వ అంటారు. దాని పక్కనుంచి కాలువ తీసి పొలాలకు పారిస్తారు.

నా చిన్నతనంలో ఎండాకాలం మూసీ అంటే ఇసుక. చేత్తో చెలమ తీస్తే నిమిషంలో తేట నీళ్ళు ఊరేవి. బడి నుంచి వస్తూ దోసిళ్ళతో తాగేవాళ్ళం. వానాకాలం కొర్రమట్టలు పట్టేవాళ్ళం. ఇప్పుడు ఎండాకాలంలోనూ నది నిండుగా పారుతున్నది. నీళ్ళు కత్వ దూకినచోట తెల్లటి నురగ మనిషి నడుము ఎత్తున లేచి, గాలికి ముద్దలు ముద్దలుగా తెగి పొలాల మీద పడుతున్నది. మా మనుమరాలు ముందు సంతోషంతో చప్పట్లు కొట్టింది, మంచు అనుకుని. తరవాత ముక్కు మూసుకున్నది. సబ్బుపొడులు కలిసిన నీరు ఎత్తునుంచి దూకి గాలితో చిలికినట్లయితే ఇలా నురగ కడుతుంది. మీ బకెట్టులో కట్టే నురగా, అదీ ఒకటే.

"నీళ్ళకేం కొదవ లేదన్నా" అన్నాడు మా తమ్ముడు. "ఎండాకాలం గూడ పారుతయి. రెండు పంటలు పండుతున్నయి. గని మడిల దిగితే కాళ్ళు దురద. బాయి నీళ్ళు తాగేటట్టు లేవు. తాగేటందుకు ప్లాంటు నీళ్ళే." ఇంట్లో మాకు మంచినీళ్ళు ఇచ్చింది ఇరవై లీటర్ల డబ్బాలో నుంచి, డబ్బు పెట్టి కొన్నవి. నది ఒడ్డున పుట్టిన ఊరు అది.

ఈ మూసీ ఇక్కడితో ఆగదు. కత్వలూ, సూర్యాపేట వైపు మూసీ ప్రాజెక్టూ దాటి, వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. ఆ కృష్ణ పులిచింతల మీదుగా విజయవాడకు పోతుంది. అక్కడా కుళాయిలున్నాయి, అక్కడా పిల్లలున్నారు.

మా మనుమరాలు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "తాతా, పొద్దున మనం స్నానం చేసిన నీళ్ళు ఇక్కడికి ఎప్పుడు వస్తాయి?" అని అడిగింది.

అది నేను చెప్పవలసింది గాదు, కొలవవలసింది. కత్వకు ఎగువన గట్టు వెంట ముప్ఫై మీటర్లు తాడుతో కొలిచి రెండు గుర్తులు పెట్టాం. మొదటి గుర్తు దగ్గర ఒక కంది పుల్లను నీళ్ళలో వేసింది. మా అబ్బాయి గడియారం చూశాడు. పుల్ల రెండో గుర్తు చేరటానికి అరవై సెకన్లు పట్టింది. అంటే గంటకు 1.8 కిలోమీటర్లు. నాగోలు నుంచి మా ఊరికి నది వెంట యాభై కిలోమీటర్లు అనుకుందామన్నాను. మా మనుమరాలు భాగించి, ఇరవై ఎనిమిది గంటలు అని రాసింది. మధ్యలో కత్వల దగ్గరా, శుద్ధి కేంద్రంలోనూ ఆగే కాలం దీనికి కలపాలి గనక, అంతకంటె ముందు మాత్రం రావు అని చెప్పాను. అది కూడా కింద రాసుకున్నది. పొద్దున ఆరు గంటలకు ఇరవై ఎనిమిది కలిపి, "రేపు పొద్దున పది గంటలకు" అన్నది.

గట్టు మీద కూర్చుని మా లెక్క అంతా వింటున్న మా తమ్ముడు లేచి, తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

"రేపు పదింటికి నీళ్ళ వంతు నాదే బిడ్డా" అన్నాడు.